చేపల తొట్టెలో పాలమీటరు

మా ఊళ్లో పాడి ఉన్న ప్రతి ఇంటినీ, మా అమ్మతో సహా, పాలలో నీళ్లు కలిపే ఇల్లుగా తేల్చిన ఘనుణ్ణి నేను. అందుకు నాకు పట్టిన కాలం రెండు రోజులు. వాడిన ఆయుధం జానెడు గాజు గొట్టం. కారణం రెండు చేపలు. చేపలకీ పాలకీ సంబంధం ఏమిటని మీరు అడుగుతారని తెలుసు. ఆ రోజుల్లో ఎవరైనా నన్ను ఆ ప్రశ్న అడిగి ఉంటే ఇవాళ ఇది రాయాల్సిన పనే ఉండేది కాదు. మా ఇంట్లో చేపలున్న సంగతి ఊరంతటికీ తెలుసు. పాలకేంద్రం మీటరు రోజూ రాత్రి ఆ చేపల దగ్గర పడుకుంటోందన్న సంగతి మాత్రం మా ఇంటి గడప దాటలేదు.

ఇది తొంభైల చివరి మాట. మాది కొత్తపేట దగ్గర ఊరు. బీయస్సీలో జువాలజీ చదివి, ఆ చదువుతో ఏం చెయ్యాలో తెలియక రెండేళ్లు తిరిగి, చివరికి మా ఊరి పాలకేంద్రంలో టెస్టరుగా కుదురుకున్నాను. టెస్టరంటే చిన్న పని కాదు. పొద్దున్నా సాయంత్రమూ ఊళ్లోవాళ్లు చెంబులూ క్యాన్లూ పట్టుకుని వరసలో నిలబడతారు. ఒక్కొక్కరి పాలలోంచి కొంచెం తీసి, పొడుగాటి గ్లాసులో పోసి, అందులో లాక్టోమీటరు వదలాలి. కింద సీసపు గుళ్లున్న బుడ్డి, పైన గీతలున్న సన్నటి కాడ, ఇంతే దాని స్వరూపం. మంచి పాలలో అది పైకి తేలి ముప్ఫై గీత దగ్గర నిలబడుతుంది. నీళ్లు కలిస్తే కిందికి దిగుతుంది. ఇరవై ఎనిమిది దాటి దిగిందంటే ఆ పాలు అనుమానం పాలు. ఊళ్లో అందరూ దాన్ని మీటరు అనేవారు. కేంద్రంలో ఉన్నది అదొక్కటే. రెండోదాన్ని నాకు ముందున్న టెస్టరు పగలగొట్టి వెళ్లాడు.

మీటరు చేతికొచ్చాక నా నడకే మారిపోయింది. గీత చూసి అంకె చెప్పే ముందు ఒక్క క్షణం ఆగేవాణ్ణి. ఆ ఆగడంలో జడ్జీగారి దర్జా ఉందని నా నమ్మకం. వెనక నిలబడ్డవాళ్లు మాత్రం ఇంటి దగ్గర పొయ్యి మీద ఏం పెట్టి వచ్చామా అని ఆలోచించుకునేవారు.

ఇక చేపల సంగతి. మా అక్క మొగుడు సత్తిబాబు బావగారు మస్కట్‌లో ఒక హోటల్లో పనిచేసేవారు. సెలవుకి వచ్చినప్పుడు ఒక ఫొటో చూపించారు. గోడంత గాజు తొట్టె, లోపల పసుపు చేపలూ నీలం చేపలూ, తొట్టె ముందు టై కట్టుకుని బావగారూ.

"ఇవి సముద్రం చేపలా బావగారూ?"

"ఆయ్. నీళ్లూ ఉప్పునీళ్లే. దానికని ఓ మనిషున్నాడు. పొద్దున్నే వచ్చి ఉప్పు కొలిచి పోతాడు. అదొక్కటే అతని పని."

"అదొక్కటేనా?"

"మరేటనుకున్నావ్? ఉప్పు ఓ పిసరు అటూ ఇటూ అయితే చేపలు తేలిపోతాయంట. అందుకే ఆయనంటే మా మేనేజరు కూడా లేచి నిలబడతాడు."

ఉప్పు కొలిచినందుకు లేచి నిలబడతారా! మా ఊళ్లో పాలు కొలిచినందుకు కుర్చీ కూడా వేసేవారు కాదు. ఆ క్షణంలోనే నాకు సముద్రం కావాలనిపించింది. అమలాపురంలో పటాలకి ఫ్రేములు కట్టే ఆయన చేత మూడడుగుల గాజు తొట్టె అతికించుకున్నాను. ఆయన అప్పటిదాకా దేవుళ్లకీ పెళ్లి ఫొటోలకీ తప్ప అద్దాలు కట్టి ఎరగడు. అందువల్ల తొట్టె మొదటి వారం నాలుగు మూలలా కారింది. కాకినాడ నుంచి గాలిబుడగల మోటారు తెచ్చుకున్నాను. మిగిలినవి నీళ్లూ చేపలూ.

అవి కొండబాబు తెచ్చాడు. నాతో చదువుకున్నవాడే. కాట్రేనికోన అవతల ఒక రొయ్యపిల్లల హేచరీలో పని. నాలుగు క్యాన్ల సముద్రపు నీళ్లూ, గాలి నింపిన ప్లాస్టిక్ సంచిలో రెండు చేపలూ పట్టుకుని బస్సు దిగాడు. వేలెడంత చేపలు, పసుపుపచ్చ ఒంటి మీద నల్ల చారలు. తొట్టెలో వదిలాక అరగంట వాటినే చూస్తూ కూర్చున్నాను. అంత అందమైన ప్రాణులు నా చేతి మీద ఆధారపడి బతకడం అదే మొదటిసారి.

"ఒరే శీనూ, చూసింది చాలు గాని ఇది విను," అన్నాడు కొండబాబు. "నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు అవ్వదు. రోజురోజుకీ ఉప్పదనం పెరుగుతాది. మంచినీళ్లు పోసి సమానం చెయ్యాలి. ఎన్ని పొయ్యాలో తెలియాలంటే కొలవాలి. నాలుక మీద వేసుకుని చెప్పేద్దామంటే కుదరదు."

"మీరు దేంతో కొలుస్తారు?"

"మాకో గొట్టం ఉందిలే. ఓ చుక్క వేసి, కంటికి పెట్టుకుని, వెలుగుకేసి చూస్తే లోపల అంకె కనపడతాది. నాకియ్యి అంటావేమో, నా ఉద్యోగం పోద్ది."

వాడు వెళ్లాక నాకు తట్టింది. ఉప్పునీళ్లు మంచినీళ్లకంటే బరువు. పాలూ మంచినీళ్లకంటే బరువే. ఆ బరువు చూపించే మీటరు నా దగ్గరే ఉంది. సాయంత్రం పాలు ముగిశాక మీటరుని చేతిరుమాల్లో చుట్టుకుని ఇంటికి తెచ్చి, తొట్టెలో వదిలాను. రెండుసార్లు ఊగి, ఇరవై ఐదు గీత దగ్గర నిలబడింది.

"అమ్మా! పాలమీటరుతో సముద్రాన్ని కొలిచేను!"

మా అమ్మ బియ్యం చెరుగుతోంది. తలెత్తలేదు.

"కొలిచింది చాలు గాని, బాగా తోమి పట్టుకెళ్లు. ఊళ్లోవాళ్లు నోట్లో పోసుకునే పాలురా అవి."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నా ఆలోచనలో తప్పు లేదు. పాలమీటరు ఉప్పునీళ్లని చక్కగా కొలుస్తుంది. ఈ మాట మీద నేను ఇప్పటికీ ఎవరితోనైనా వాదనకి దిగుతాను. పైగా నేను ఆషామాషీగా కొలిచే మనిషిని కాదు. బుడ్డికి గాలిబుడగలు అంటుకోకూడదని మోటారు ఆపేవాణ్ణి. కాడ గాజుకి ఆనకూడదని ఊపిరి బిగబట్టేవాణ్ణి. కంటిని నీటి మట్టానికి సరిగ్గా తేవడానికి నేల మీద మోకాళ్లేసేవాణ్ణి. ఆ భంగిమలో నన్ను కిటికీలోంచి చూసిన పక్కింటావిడ, మీ అబ్బాయికి భక్తి బాగా పెరిగిందని మా అమ్మతో అన్నారు.

అయితే ఇంత జాగ్రత్తపరుడు రెండు పనులు చేశాడు. రొయ్యల చెరువులకి సున్నం చల్లుతారు కదా అని, కొండబాబుని అడక్కుండానే, తొట్టెలో వారానికోసారి చిటికెడు గుల్లసున్నం వెయ్యడం మొదటిది. తీసి పెట్టడం ఎందుకు, ఎప్పుడు చూసినా అంకె కనపడుతుంది కదా అని మీటరుని రాత్రంతా తొట్టెలోనే వదిలెయ్యడం రెండోది. పొద్దున్నే తీసి, చెంబెడు నీళ్లు గుమ్మరించి, తుడిచి, కేంద్రానికి పట్టుకెళ్లేవాణ్ణి. తోమడం మాత్రం చెయ్యలేదు. గాజుని తోమితే గీతలు పడతాయని మా అమ్మకి సైన్సు చెప్పాను.

రెండు నెలలు గడిచాయి. వానలు పడ్డాయి. తొట్టెలో అంకె ఇరవై ఐదు నుంచి ఇరవై నాలుగుకి దిగింది. పది రోజులాగితే ఇరవై మూడు. నాకు ఆశ్చర్యం వేసింది. ఉప్పదనం పెరుగుతుందని కదా కొండబాబు చెప్పింది? కొత్తపేట సెంటరుకి వెళ్లి హేచరీకి ఫోన్ చేశాను.

"ఒరే కొండబాబూ, మా ఇంట్లో ఉప్పు తగ్గుతోందిరా."

"తగ్గడమేంటి? తొట్టె కారుతుందా?"

"ఇప్పుడు కారట్లేదు. చేపలు తింటున్నాయేమో?"

అవతల వాడు ఆ ప్రశ్న పక్కవాళ్లకి చెప్పడం, వాళ్లు నవ్వడం వినపడింది.

"ఉప్పెక్కడికీ పోదురా," అన్నాడు చివరికి. "నీ మీటరు చూసుకో. ముందు దాన్ని ఉత్త మంచినీళ్లలో వెయ్యి. నీళ్ల గీత దగ్గర నిలబడిందా సరే, లేకపోతే మీటరే తప్పు."

"అది ఊరందరి పాలూ తేల్చే మీటర్రా. అది తప్పు చెప్పదు."

మీటరుని అనుమానించడమంటే నన్ను నేను అనుమానించుకోవడమే. ఆ పని నా వల్ల కాలేదు. సంతలో కల్లుప్పు కొని తెచ్చి, దోసిళ్లతో తొట్టెలో వేసి, అంకెని మళ్లీ ఇరవై ఐదుకి తెచ్చాను. దిగినప్పుడల్లా వేశాను. చేపలు ఈదడం మానేసి ఒక మూల చేరాయి. రెంటిలో చిన్నది ఒక ఆదివారం పొద్దున్న అడుగున పడి ఉంది. దాని చారలు కూడా వెలిసిపోయాయి. మేత పడలేదని అందరికీ చెప్పాను. దాన్ని కొబ్బరిచెట్టు మొదట్లో పాతిపెట్టాను. అయినా లోపలికొచ్చి చేసిన మొదటి పని, మీటరు చూసి మరో గుప్పెడు ఉప్పు వెయ్యడం.

ఇదే కాలంలో పాలకేంద్రంలో ఏం జరుగుతోందో మీరీపాటికి ఊహించే ఉంటారు. నేను ఊహించలేదు.

మా వరసలో మొదట నిలబడేది మంగాయమ్మ గారు. అరవై దాటిన మనిషి, ఒక్కటే గేదె. కేంద్రం తెరిచిన నాటి నుంచీ మొదటి చెంబు ఆవిడదే. ఆవిడ పాలు ముప్ఫై దగ్గర నిలబడ్డాక తక్కినవాళ్ల పాలు చూడ్డం నాకు అలవాటు. ఆ ముప్ఫై కాస్తా ఇరవై తొమ్మిదైంది. వానాకాలం, పచ్చిగడ్డి అనుకున్నాను. ఇరవై ఎనిమిదైంది. ఒక మంగళవారం పొద్దున్న ఇరవై ఏడు దగ్గర ఆగింది.

అలవాటు ప్రకారం ఒక్క క్షణం ఆగాను.

"మంగాయమ్మ గారూ, ఇరవై ఏడండీ."

"అదేటండీ? మళ్లీ చూడండి బాబూ."

"మూడుసార్లు చూసేనండీ. చెంబులో నీళ్లు మిగిలిపోయాయేమో."

"చెంబు ఎండలో బోర్లించి తెచ్చేనండీ. మా గేదె అబద్ధమాడదండీ. నేనూ ఆడనండీ."

మా వైపు కోపం ఎంత పెరిగితే 'అండీ'లు అంత పెరుగుతాయి. ఆ లెక్కన ఆవిడ కోపం నాకు అర్థం కావలసింది. కానీ పక్కనే కేంద్రం సెక్రటరీ సుబ్బరాజు గారు నిలబడి చూస్తున్నారు. ఆయన ముందు నా కొలత తప్పనిపించుకోవడం ఇష్టం లేకపోయింది. కేంద్రం గోడకి ఒక నల్లబోర్డు ఉండేది. నీళ్లు కలిసిన పాలెవరివో వాళ్ల పేరు దాని మీద రాయాలి. మూడు రోజులు వరసగా పేరుంటే ఆ ఇంటి పాలు ఇక తీసుకోరు. ఏళ్ల తరబడి ఆ బోర్డు మీద పేరన్నది లేదు. పండగలకి ముగ్గులెయ్యడానికే వాడేవారు. నేను సుద్దముక్క తీసుకుని, గుండ్రటి అక్షరాలతో, కింద గీత కూడా గీసి, మంగాయమ్మ అని రాశాను. ఆవిడ ఆ అక్షరాల వంక చూసి, చెంబు చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రానికి బోర్డు మీద ఏడు పేర్లు. మర్నాడు పొద్దుటికి పదహారు. అందరివీ ఇరవై ఏడూ, ఇరవై ఆరూ.

"ఏమయ్యా శీనూ," అన్నారు సుబ్బరాజు గారు, "ఇన్నాళ్లూ మన కళ్లు కప్పి ఇంతమంది కలిపేసేరంటావా?"

"వానలండీ. నీళ్లు ఎక్కువయ్యాయి కదా, చెయ్యి జారుతోంది."

"అందరికీ ఒకే మోతాదు జారిందేటయ్యా? ఊరంతటికీ ఒకటే గ్లాసుందా?"

ఆయన సరదాగానే అన్నారు. ఆ మాట పట్టుకుని ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే నా పరువుతో పాటు ఊరి పరువూ మిగిలేది. నేను మాత్రం ఇంతమందిని పట్టుకున్నందుకు పొంగిపోతున్నాను. హోటల్లో మేనేజరు లేచి నిలబడటం లాంటిది ఏదో నాకూ జరగబోతోందని ఎదురు చూస్తున్నాను.

ఆ సాయంత్రం వరసలో మూడో చెంబు మా ఇంటిది. ఇరవై ఆరు. వరసంతా నా మొహం వంకే చూస్తోంది. వీడిప్పుడేం చేస్తాడా అని. నేను సుద్దముక్క తీసుకున్నాను. పదిహేడో పేరుగా మా అమ్మ పేరు రాశాను. వెనక నుంచి ఎవరో, "కన్నతల్లిని కూడా వదల్లేదురా బాబూ," అన్నారు. అది మెచ్చుకోలనే అనుకుని ఛాతీ విరుచుకున్నాను. ఆ పూట ముగిసేసరికి పాడి ఉన్న ఇల్లన్నది ఒక్కటీ బోర్డెక్కకుండా మిగల్లేదు.

ఇంటికి వెళ్లి అడిగాను. "అమ్మా, నిజం చెప్పు. నేను ఎవరికీ చెప్పను. ఎన్ని గ్లాసులు పోసేవు?"

అమ్మ లోపలికి వెళ్లి కాఫీ తెచ్చి ముందు పెట్టింది. నల్లగా ఉంది.

"పాలేవమ్మా?"

"మన ఇంట్లో పాలెక్కడియ్ నాయనా? ఉన్నయ్యన్నీ నీళ్లేనని నువ్వే రాసేవుగా."

తర్వాత ఆవిడ నాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం వేళకి పెట్టింది. మాట్లాడకుండా పెట్టిన అన్నం ఎలా ఉంటుందో తిన్నవాళ్లకే తెలుస్తుంది.

మూడో రోజు వచ్చింది. మంగాయమ్మ గారి పేరు మూడోసారి పడితే ఆవిడ పాలు కేంద్రం తీసుకోదు. వరస అప్పటికే నిండిపోయింది. మొదటి చెంబు చోటు ఖాళీగా ఉంది. రాదేమో అనుకుని లోపల్లోపల తేలికపడ్డాను. అంతలో వీధి మొగలో గేదె కనపడింది. దాని ముందు పలుపు పట్టుకుని మంగాయమ్మ గారు, వెనక ఆవిడ కోడలు దూడని తోలుకుంటూ. సరాసరి కేంద్రం వాకిట్లోకి తెచ్చి స్తంభానికి కట్టేసింది.

"సెక్రటరీ గారూ, టెస్టరు గారూ, ఓ మాట చెప్పుకోవాలండీ," అంది. "మన బడి మాస్టారి పాప పుట్టిన ఏడాది నించీ నా పాలే తాగుతుందండీ. నిన్న మాస్టారు గారు వచ్చి, రేపట్నించి వద్దులెండి మంగాయమ్మ గారూ అన్నారండీ. ఆయన తప్పు లేదండీ. బోర్డు చూసేరు. బిడ్డకి పోసే పాలల్లో నీళ్లు కలిపిందనిపించుకున్నాక నేను ఊళ్లో ఎలా తిరగనండీ? అందుకని ఇక్కడే పిండుతానండీ. అందరూ చూడండి. టెస్టరు గారు దగ్గిరకొచ్చి మరీ చూడండి."

చెంబుని మా అందరి ముందూ బోర్లించి దులిపి చూపించింది. దూడని వదిలి, చేపు వచ్చి పొదుగులోకి పాలు దిగాక లాగి కట్టించి, గేదె కింద కూర్చుంది. నేను పక్కనే గొంతుక్కూర్చున్నాను. పొదుగు నుంచి చెంబులోకి, చెంబు నుంచి గ్లాసులోకి, మధ్యలో చుక్క నీళ్లు లేవు. మీటరు వదిలాను. ఇరవై ఐదు.

"అప్పుడే పిండిన పాలండీ," అన్నాను. "వేడికి మీటరు కొంచెం దిగుతుందండీ. చల్లారాలి."

ఇది నిజమే. కాబట్టి ఊరంతా కూర్చుని పాలు చల్లారడం కోసం ఎదురుచూసింది. అరుగు మీద కొందరు, సైకిళ్లకి ఆనుకుని కొందరు. గేదె కూడా ఓపిగ్గా నెమరేస్తూ నిలబడింది. ముప్పావుగంట తర్వాత మళ్లీ వదిలాను. ఇరవై ఆరు.

సుబ్బరాజు గారు గేదె వంక చూసి, నా వంక చూసి, చాలా గంభీరంగా అడిగారు. "అంటే ఏటయ్యా, లోపలే కలిపేసి తెచ్చిందంటావా?"

కొందరు నవ్వారు. మంగాయమ్మ గారు నవ్వలేదు. "ఆ మీటరు ఉత్త నీళ్లల్లో వెయ్యండి బాబూ. నీళ్లకి ఎంత చెప్తదో చూద్దాం," అంది.

కొండబాబు చెప్పిన మాటే. అప్పుడు చెయ్యని పని ఇప్పుడు ఊరందరి ముందూ చెయ్యాల్సి వచ్చింది. గ్లాసు కడిగి, బిందెలోంచి మంచినీళ్లు పోసి మీటరు వదిలాను. నీళ్లకని కాడ మీద అన్నిటికంటే పైన ఒక గీత ఉంటుంది. మంచినీళ్లలో సరిగ్గా అక్కడ నిలబడాలి. మీటరు ఆ గీత దాటి, కాడ కొస దాటి, బుడుంగున మునిగి గ్లాసు అడుగున కూర్చుంది.

సుబ్బరాజు గారు గ్లాసులోకి తొంగి చూశారు.

"ఒరే, ఈ నీళ్లల్లో కూడా ఎవరో నీళ్లు కలిపేసేర్రా!"

ఆ నవ్వు కాలవ అవతలి వీధి దాకా వినపడిందంటారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మంగాయమ్మ గారు గ్లాసు వంచి, మీటరు తీసి, వెలుగులో పెట్టి, బుడ్డి మీద గోటితో గీకింది. తెల్లటి పొడి రాలింది.

"ఇదేటండీ, దీనికి సున్నం పట్టింది? మా నీళ్లు కాచుకునే గుండిగకి పట్టినట్టు?"

అరుగు మీద ఉన్న ఒకావిడ చింతపండు తెచ్చింది. మంగాయమ్మ గారు దాంతో బుడ్డిని మెల్లగా, పసిపిల్లకి స్నానం చేయించినట్టు తోమింది. ఇన్నాళ్లూ గాజు పాతబడి మసకేసిందనుకున్న బుడ్డి తళతళ్లాడింది. నీళ్లల్లో వదిలితే నీళ్ల గీత దగ్గర నిలబడింది. ఆవిడ పాలలో వదిలితే, ముప్ఫై. ఆ బరువంతా సున్నానిది. అది మీటరుని కిందికి లాగితే నేను మనుషుల్ని లాగాను.

"ఈ సున్నం ఎక్కడిదయ్యా?" అన్నారు సుబ్బరాజు గారు. ఈసారి ఆయన గొంతులో సరదా లేదు.

తెలియదనొచ్చు. పాలలోనే సున్నం ఉంటుందని ఏదో సైన్సు చెప్పొచ్చు. నమ్మేవాళ్లు కూడా. మంగాయమ్మ గారు నా వంక చూస్తోంది. ఆ చూపు ముందు నా జువాలజీ అంతా ఆవిరైపోయింది.

"చేపలదండీ."

"ఏ చేపలు?"

"మా ఇంట్లో చేపలండీ."

"చేపలకి పాలు పోస్తన్నావా?"

"లేదండీ. మీటరుతో ఉప్పు కొలుస్తున్నానండీ. రోజూ రాత్రి తొట్టెలోనే ఉంటుందండీ. ఆ నీళ్లల్లో సున్నం కూడా నేనే వేసేనండీ. ఎవరూ ఏమీ కలపలేదండీ. తప్పంతా నాదండీ."

నా మాటల్లో కూడా అండీలు పెరిగాయని అప్పుడే గమనించాను. అది కోపం కాదు, సిగ్గు. నా జీవితంలో అంత సిగ్గు నేను ఎప్పుడూ పడలేదు, ఇది రాస్తుంటే ఇప్పుడూ చెవులు వేడెక్కుతున్నాయి.

సుబ్బరాజు గారు తిట్టలేదు. తడిగుడ్డ తెచ్చి నా చేతిలో పెట్టారు. "ఒక్కో పేరూ చదివి, ఆ ఇంటివాళ్లకి దణ్ణం పెట్టి, తుడు," అన్నారు. బోర్డు ఆ రెండు రోజుల్లోనే నిండిపోయి ఉంది. అన్నీ చదివాను. అన్నిటికీ దణ్ణం పెట్టాను. మా అమ్మ పేరు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ వరసలోంచి అంది. "నాది ఉంచెయ్యరా. కొడుకు రాసిన పేరు, బాగానే ఉంది చూడ్డానికి." ఆ నల్ల కాఫీ తర్వాత ఆవిడ నాతో అన్న మొదటి మాట అది. తుడుస్తుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సుద్దపొడి పడిందని చెప్పాను, ఎవరూ నమ్మలేదు. ఆ సాయంత్రం మాస్టారి ఇంటికి కూడా వెళ్లి జరిగింది చెప్పాను. ఆయన అప్పటికప్పుడు మంగాయమ్మ గారింటికి బయల్దేరారు.

ఆదివారం కొండబాబు హేచరీ గొట్టం అడిగి తెచ్చుకుని వచ్చాడు. తొట్టెలోంచి ఓ చుక్క తీసి, కంటికి పెట్టుకుని, కిటికీ వైపు తిరిగాడు. గొట్టం తుడిచి మళ్లీ చూశాడు.

"ఎంతుందిరా?"

"అంకెలు అయిపోయేయిరా. ఇది సముద్రం కాదు, ఊరగాయ జాడీ. ఈ చేప ఇంకా ఎందుకు బతికుందో దాన్నే అడగాలి."

మంచినీళ్లు ఒక్కసారిగా పోస్తే అదీ చస్తుందన్నాడు. రోజుకి చెంబెడు చొప్పున మూడు వారాలు పోశాను. ఈదడం మొదలుపెట్టాక దాన్ని సంచిలో పెట్టుకుని, కొండబాబుతో వెళ్లి, తెచ్చిన చోటే సముద్రంలో వదిలాను. వెనక్కి తిరిగి చూడకుండా పోయింది. చూస్తుందని ఎందుకనుకున్నానో తెలియదు.

ఇక మంగాయమ్మ గారు. బోర్డు తుడిచిన మర్నాడు పొద్దున్న కొత్త మనిషిలా తయారై, తళతళ్లాడే మీటరు పట్టుకుని కేంద్రం దగ్గర నిలబడ్డాను. వీధి మొగలో మళ్లీ గేదె. మళ్లీ పలుపు, మళ్లీ దూడ. స్తంభానికి కట్టేసింది. చెంబు బోర్లించి దులిపి చూపించింది. నేను పరుగెత్తుకెళ్లాను.

"మంగాయమ్మ గారూ, వద్దండీ. మీరు ఇంటి దగ్గరే పిండుకు రండి. మీ పాలు మీటరు పెట్టకుండానే పోయించుకుంటానండీ. మీ మీద నాకు పూర్తిగా నమ్మకమండీ."

ఆవిడ గేదె కింద కూర్చుంటూ నా వంక చూసింది. కోపం లేదు. చాలా మర్యాదగా చెప్పింది.

"మీకు నా మీద నమ్మకమేనండీ, కాదన్ను. నాకే మీ మీద లేదండీ. కాస్త ఆ దూడని పట్టుకోండి."

పట్టుకున్నాను. మర్నాడూ పట్టుకున్నాను. ఎండలు ముదిరి గేదె వట్టిపోయేదాకా, రోజూ రెండు పూటలా, ఊరందరి ముందూ పట్టుకున్నాను. కాబట్టి నా చొక్కా మీద ఆ దూడ చేసిన మరకల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ కొలత చేతపట్టినా ముందు దాన్ని ఉత్త నీళ్లల్లో ముంచి చూస్తాను. ఇంకొకరి పాల మీద మాటనే రోజు ఎప్పుడైనా వస్తే, అనే ముందు వాళ్ల దూడని పట్టుకుని నిలబడతాను.